జపాన్ స్టూడెంట్ వీసా మీద జీతం లేని ఇంటర్న్‌షిప్: చేరే ముందు ఒక్కొక్కటిగా చూసుకోవాల్సినవి

"అక్కా, కంపెనీవాళ్లు జీతం ఉండదన్నారు, అంటే వీసాతో గొడవ లేనట్టే కదా?" ఏటా వేసవి సెలవులు దగ్గర పడేసరికి జూనియర్ల నుంచి నాకు వచ్చే మెసేజ్ ఇది. జవాబు సగం అవును. ఆ సగం విని సంతోషంగా సంతకం పెట్టేసేవాళ్లే మిగతా సగం దగ్గర ఇరుక్కుంటారు, నేనూ ఒకసారి ఇరుక్కున్నదాన్నే.

విషయం ఏంటంటే, జపాన్‌లో మీ ఇంటర్న్‌షిప్‌ని రెండు వేర్వేరు ఆఫీసులు రెండు వేర్వేరు కళ్లతో చూస్తాయి. ఇమిగ్రేషన్‌వాళ్లు అడిగేది, నువ్వు డబ్బు తీసుకున్నావా, తీసుకుంటే అనుమతి ఉందా అని. కార్మిక శాఖవాళ్లు అడిగేది, నీతో ఎవరు పని చేయించుకున్నారు, ఆ పని వల్ల లాభం ఎవరికి అని. మొదటి ప్రశ్నకి మీ దగ్గర శుభ్రమైన జవాబు ఉన్నా రెండో ప్రశ్న దగ్గర కంపెనీ తప్పులో ఉండొచ్చు. కంపెనీలో హెచ్‌ఆర్ చెప్పే "నో ప్రాబ్లమ్" సాధారణంగా మొదటి ప్రశ్నకే.

1. ముందు మీరు ఏ వరసలో నిలబడ్డారో తేల్చుకోండి

జపాన్‌లోనే చదువుతూ, జైర్యూ కార్డు (విదేశీయులకి ఇచ్చే నివాస కార్డు) మీద "ర్యూగాకు", అంటే స్టూడెంట్, అని ఉన్నవాళ్లు ఒక వరస. లాంగ్వేజ్ స్కూలు, సెమ్మోన్ గక్కో (వృత్తి విద్య కాలేజీ), యూనివర్సిటీ, అన్నీ ఇందులోకే వస్తాయి. హైదరాబాద్‌లోనో విశాఖలోనో బీటెక్ చదువుతూ రెండు మూడు నెలలు ఇంటర్న్‌షిప్ కోసం మాత్రమే జపాన్ వచ్చేవాళ్లు ఇంకో వరస, వాళ్లకి స్టూడెంట్ వీసా అనేదే ఉండదు, వేరే దారి. ఈ రెండూ కలిపేసి ఒకరి సలహా ఇంకొకరు పాటించడం వల్ల జరిగే గందరగోళం ఇంతా అంతా కాదు. మొదటి వరస గురించే ఎక్కువ రాస్తున్నాను, రెండోవాళ్లు 8వ మెట్టు దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

2. అవసరం ఉన్నా లేకపోయినా ఆ అనుమతి తీసి పెట్టుకోండి

స్టూడెంట్ స్టేటస్ చదువుకోడానికి ఇచ్చింది. దాని మీద డబ్బు సంపాదించాలంటే "షికకుగై కత్సుదో క్యోక" కావాలి, అంటే స్టేటస్‌లో లేని పని చేసుకోడానికి విడిగా ఇచ్చే అనుమతి. మన పిల్లలు దీన్ని బైతో పర్మిషన్ అంటారు, బైతో అంటే పార్ట్‌టైమ్ పని. మామూలుగా దీని మీద వారానికి 28 గంటల దాకా చేసుకోవచ్చు. డబ్బే తీసుకోని ఇంటర్న్‌షిప్‌కి ఈ అనుమతి అక్కర్లేదు. రూలు అదే.

అయినా తీసుకోమంటున్నాను. ఎందుకంటే ఇది ఉచితం, కొత్తగా స్టూడెంట్‌గా దిగేటప్పుడు ఎయిర్‌పోర్టులోనే, జైర్యూ కార్డు ఇచ్చే కౌంటర్ దగ్గరే ఒక చిన్న ఫారం నింపి ఇస్తే కార్డు వెనకాల ముద్ర వేసి ఇచ్చేస్తారు. ఫారం ఇంటి దగ్గరే ప్రింట్ తీసి నింపుకుని వస్తే ఇంకా మంచిది. రాత్రంతా నిద్ర లేకుండా నరితాలో దిగి, వెనక క్యూ చూసి "తర్వాత చూసుకుందాంలే" అని వదిలేసినవాళ్లు తర్వాత ఇమిగ్రేషన్ ఆఫీసుకి వెళ్లి టోకెన్ పట్టుకుని గంటలు కూర్చుంటారు, పైగా రెండు వారాల నుంచి రెండు నెలల దాకా ఎదురుచూపు. టోక్యోలో అయితే షినగావా ఆఫీసు, అక్కడి రద్దీ చూస్తే తిరుపతి సర్వదర్శనం క్యూ గుర్తొస్తుంది.

జీతం లేని పనికి ఇది ఎందుకంటే, జీతం లేదని మొదలైన చాలా ఇంటర్న్‌షిప్‌లు నెల తిరిగేసరికి "బాగా చేస్తున్నావు, గంటకి ఇంత ఇస్తాం" దాకా వస్తాయి. ఆ రోజు కార్డు వెనక ముద్ర ఉంటే తీసుకోవచ్చు. లేకపోతే తీసుకున్న మొదటి యెన్ నుంచే మీరు చట్టం తప్పినట్టు.

3. "జీతం లేదు" అంటే ఎంత లేదు?

ఇక్కడ మొహమాటం లేకుండా కంపెనీని అడగండి. ఇంటి నుంచి ఆఫీసుకి రైలు ఖర్చు ఎంతయితే అంత ఇస్తే అది జీతం కిందికి రాదు, అయిన ఖర్చు తిరిగి ఇచ్చినట్టు. ఊరు మార్చి వెళ్తే వాళ్లు చూపించిన బస కూడా అంతే. కానీ రైలుకి రోజుకి 400 యెన్‌లు అవుతుంటే "రవాణా ఖర్చు" పేరుతో 3,000 ఇస్తున్నారనుకోండి, పేరు రవాణా అయినా అది పనికి ఇచ్చిన ప్రతిఫలమే. స్టైపెండ్ అన్నా, సపోర్ట్ మనీ అన్నా, చివర్లో ఒకేసారి ఇచ్చే "థాంక్యూ" కవరు అన్నా లెక్క మారదు. పేరు కాదు, ఎందుకు ఇచ్చారన్నదే ముఖ్యం.

ఇంకో రెండు ముక్కలు. మీ సొంత యూనివర్సిటీతో ఒప్పందం మీద చేసే టీఏ, ఆర్‌ఏ (బోధనలో, పరిశోధనలో సహాయకుల) పనికి డబ్బు తీసుకున్నా ఈ అనుమతి అక్కర్లేదు, అది మినహాయింపు. పక్క యూనివర్సిటీ ల్యాబ్‌లో చేస్తే మాత్రం మినహాయింపు మీది కాదు. ఇక రిమోట్ సంగతి. బెంగళూరు స్టార్టప్‌కి టోక్యో హాస్టల్ గదిలో కూర్చుని పని చేస్తే, డబ్బు ఇండియా అకౌంట్‌లో పడుతుంది కాబట్టి జపాన్‌కి సంబంధం లేదని చాలామంది ధీమా. మీరు కూర్చుని పని చేసేది జపాన్‌లో. ముందే యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగి తెలుసుకోండి. ముఖ్యంగా గంటలు లెక్క తేలని ఫ్రీలాన్స్ తరహా కాంట్రాక్టులకి మామూలు 28 గంటల అనుమతి సరిపోదు, విడిగా అనుమతి అడగాల్సి వస్తుంది.

4. అది ఇంటర్న్‌షిప్పా, ఉత్త చాకిరీయా?

అసలు విషయం ఇదే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

1997 సెప్టెంబరు 18న అప్పటి జపాన్ కార్మిక శాఖ ఒక నోటీసు ఇచ్చింది, ఇప్పటికీ అందరూ దాన్నే పట్టుకుంటారు. దాని సారం సింపుల్. ఇంటర్న్ వచ్చి చూసి, అనుభవం కోసం చేసి చూసి వెళ్తున్నాడు, కంపెనీ నుంచి పనివాడికి చెప్పినట్టు ఆజ్ఞలు లేవు అంటే అతను కార్మికుడు కాదు, జీతం ఇవ్వనక్కర్లేదు. అదే ఇంటర్న్ చేసే పని నేరుగా ఉత్పత్తికి పనికొస్తూ, ఆ లాభం కంపెనీకి చేరుతూ, ఇంటర్న్ కంపెనీ చెప్పుచేతల్లో పని చేస్తుంటే అతను కార్మికుడే. కాగితం మీద ఇంటర్న్ అని రాసినా, "జీతం అక్కర్లేదు" అని మీరే సంతకం పెట్టినా కార్మికుడే. అప్పుడు కనీస వేతనం ఇవ్వాల్సిందే. 2025 అక్టోబరు నుంచి టోక్యోలో అది గంటకి 1,226 యెన్‌లు. ప్రాంతాన్ని బట్టి మారుతుంది, దేశం మొత్తం సగటు 1,121. కనీస వేతనం ఎగ్గొట్టిన యజమానికి 5 లక్షల యెన్‌ల దాకా జరిమానా ఉంది. జపాన్ కార్మిక చట్టం మీ పాస్‌పోర్టు రంగు చూడదు, జాతీయతని బట్టి తేడా చూపించకూడదని లేబర్ స్టాండర్డ్స్ చట్టం 3వ సెక్షన్‌లోనే ఉంది.

ఇది చదివి "మరి నాది ఏ రకం?" అంటారు. నేను అడిగే ప్రశ్నలు ఇవి. మీరు ఒకరోజు రాకపోతే అక్కడ ఎవరి పనైనా ఆగుతుందా? రానందుకు ఎవరైనా తిడతారా? మీరు చేసింది కస్టమర్‌కి నేరుగా వెళ్తోందా? మీకంటూ నేర్పే మనిషి ఒకరున్నారా, లేక మొదటి రోజు లాగిన్ ఇచ్చి టాస్కులు పడేశారా? మీరు వెళ్లిపోయాక అదే కుర్చీలోకి ఇంకో జీతం లేని ఇంటర్న్ వస్తున్నాడా? చివరి దానికి అవును అంటే నాకైతే ఇంకేం అడగక్కర్లేదు.

నా కథ చెప్పాలి. మాస్టర్స్ మొదటి ఏడాది, ఒక చిన్న కంపెనీ "గ్లోబల్ మార్కెటింగ్ ఇంటర్న్‌షిప్, నేర్చుకోడానికి మంచి అవకాశం, జీతం లేదు" అంది. వారానికి నాలుగు రోజులు. మొదటి రోజు ప్రెజెంటేషన్, కాఫీ, అందరి విజిటింగ్ కార్డులు, మా అమ్మకి ఫోన్ చేసి గొప్పలు కూడా చెప్పాను. రెండో రోజు నుంచి విదేశీ కస్టమర్ల ఈమెయిళ్లకి ఇంగ్లిష్‌లో జవాబులు, వాళ్ల వెబ్‌సైట్ అనువాదం, సాయంత్రం ఆరుకి "ఇవాళ ఎన్ని అయ్యాయి" అని రిపోర్టు. మూడు వారాలకి నాకు అర్థమైంది ఏంటంటే నేను నేర్చుకున్నది ఏమీ లేదు, వాళ్లకి ఒక కస్టమర్ సపోర్ట్ ఉద్యోగి ఊరికే దొరికింది. మా ప్రొఫెసర్‌కి చెబితే ఆయన ఒకే మాట అన్నాడు, "అది బైతో, డబ్బు లేని బైతో." కంపెనీకి మర్యాదగా మెయిల్ రాశాను, ఇది పని కాబట్టి గంట లెక్కన ఇవ్వండి, నాకు 28 గంటల అనుమతి ఉంది, లేదంటే నేర్చుకునే రకంగా మార్చండి అని. వారం రోజులు జవాబు లేదు, తర్వాత ఒప్పందం రాసి గంటకి కట్టడం మొదలుపెట్టారు. పాత మూడు వారాల డబ్బు అడగలేదు నేను. అడగాల్సింది. రావాల్సిన వేతనం మూడేళ్ల దాకా అడగొచ్చని అప్పుడు తెలియదు.

పేర్ల గురించి ఒక మాట. 2022లో విద్య, కార్మిక, ఆర్థిక-పరిశ్రమల శాఖలు మూడూ కలిసి విద్యార్థుల కార్యక్రమాలని నాలుగు రకాలుగా విడగొట్టాయి. ఒక్క రోజు కంపెనీ చూపించి పంపేది "ఓపెన్ కంపెనీ", రెండోది కెరీర్ చదువు, ఈ రెండింటినీ ఇంటర్న్‌షిప్ అనకూడదు. మూడో రకానికి కనీసం ఐదు రోజులు, నిపుణత కావాల్సిన పని అయితే రెండు వారాలు ఉండాలి, అందులో సగానికి పైగా రోజులు అసలు పని చోట గడపాలి. ఈ రకంలో మీ వివరాలు కంపెనీ ఉద్యోగాల ఎంపికకి వాడుకోవచ్చు, షూకాత్సులో, అంటే ఉద్యోగాల వేటలో, దీనికి అందుకే అంత గిరాకీ. నాలుగోది ముఖ్యంగా పీహెచ్‌డీవాళ్ల కోసం, రెండు నెలలకి పైన, జీతంతో. అంటే జీతం లేకుండా ఆరు నెలలు రోజూ రమ్మనే ఇంటర్న్‌షిప్ ఈ నాలుగు అరల్లో ఎక్కడా సరిగ్గా ఇమడదు. అలాంటి ఆఫర్ వచ్చిందంటే చెవులు రిక్కించి వినండి.

5. కాగితం మీద రాయించుకోండి

నోటి మాట మీద వెళ్లొద్దు. ఎన్ని రోజులు, రోజుకి ఎన్ని గంటలు, ఏం నేర్పుతారు, ఎవరు నేర్పుతారు, రవాణా ఖర్చు ఎంత, దెబ్బ తగిలితే ఎవరి ఇన్సూరెన్స్, మీరు రాసిన కోడ్ ఎవరిది. ఒక పేజీ చాలు. జపనీస్‌లో ఉంటే యూనివర్సిటీ కెరీర్ సెంటర్‌కి పట్టుకెళ్లి చదివించుకోండి, వాళ్లు రోజూ చూసేదే. "మధ్యలో మానేస్తే ఇంత కట్టాలి" అని ఉంటే సంతకం పెట్టొద్దు. కార్మికుడి దగ్గర అలా ముందే జరిమానా రాయించుకోవడాన్ని లేబర్ స్టాండర్డ్స్ చట్టం 16వ సెక్షన్ నిషేధిస్తుంది. జైర్యూ కార్డు రెండు వైపులా జిరాక్స్ ఇవ్వండి, కార్డు మాత్రం ఇవ్వొద్దు, అది ఎప్పుడూ మీ జేబులో ఉండాలన్నది చట్టం.

6. గంటల లెక్క

జీతం లేని గంటలు 28లోకి రావు. కానీ మీలో చాలామంది పగలు ఇంటర్న్‌షిప్, సాయంత్రం కొంబినీలోనో (24 గంటల చిన్న దుకాణం) ఇజకాయాలోనో (మందు, తిండి దొరికే హోటల్) బైతో చేస్తారు కదా, అందుకని 28 గంటల లెక్క సరిగ్గా తెలిసుండాలి. చాలామందికి తప్పుగా తెలుసు.

తప్పు ఎక్కడంటే, సోమవారం నుంచి ఆదివారం దాకా లెక్క వేసుకుంటారు. ఇమిగ్రేషన్ లెక్క ఏ రోజు నుంచి మొదలుపెట్టినా ఏడు రోజుల్లో 28 దాటకూడదు. ఉదాహరణకి మొదటి వారం గురు, శుక్ర, శని, ఆదివారాలు రోజుకి 7 గంటలు, మొత్తం 28. రెండో వారం సోమ, మంగళ, బుధ, గురువారాలు రోజుకి 7, మళ్లీ 28. క్యాలెండర్‌లో రెండు వారాలూ పద్ధతిగానే ఉన్నాయి. గురువారం నుంచి బుధవారం దాకా లెక్కపెట్టండి, 49 వస్తుంది. అయిపోయారు. రెండు చోట్ల పని చేస్తే రెండూ కలిపే 28, ఒక్కో చోట 28 కాదు. ఓవర్‌టైమ్ కూడా అందులోనే.

సెలవుల్లో రోజుకి 8 గంటల దాకా చేసుకోవచ్చు. అయితే ఆ సెలవులు మీ స్కూలు రూలు పుస్తకంలో రాసిన వేసవి సెలవులు, చలికాలం సెలవుల్లాంటివి అయ్యుండాలి. మీ ప్రొఫెసర్ ఊరెళ్లి క్లాసులు లేకపోవడం, మీకు ఆ సెమిస్టర్ క్రెడిట్లు అయిపోవడం సెలవులు కావు. ఇంకా, 8 గంటలు అన్నారు కదా అని ఏడు రోజులూ చేసి 56 గంటలు అనుకోవద్దు, కార్మిక చట్టం ప్రకారం మామూలు పరిమితి వారానికి 40.

పని చోటు కూడా చూసుకోండి. పచింకో జూదం సెంటర్లు, హోస్టెస్ బార్, మాజోంగ్ ఆట క్లబ్బుల్లాంటి చోట ఈ అనుమతి చెల్లదు, అంట్లు తోమే పనికి కూడా.

"ఎవరికి తెలుస్తుందిలే" అనేవాళ్లకి ఒక్కటి చెప్తాను. విదేశీయుల్ని పనిలో పెట్టుకున్న ప్రతి యజమాని ఆ సంగతి హలోవర్క్‌కి, అంటే ప్రభుత్వ ఉపాధి కార్యాలయానికి, తెలియజేయాలి, స్టూడెంట్ బైతో అయినా సరే. మీ ఆదాయం పన్ను లెక్కల్లో ఉంటుంది, వీసా పొడిగింపు దగ్గరో తర్వాత వర్క్ వీసాకి మార్చుకునే దగ్గరో కజెయ్ షోమెయ్‌షో, అంటే పన్ను సర్టిఫికెట్, అడిగితే ఏడాదికి మీరు సంపాదించింది 28 గంటలతో సాధ్యమా కాదా అన్నది క్యాలిక్యులేటర్ ఉన్న ఎవరికైనా తెలిసిపోతుంది. ఉద్యోగం ఆఫర్ చేతిలో పెట్టుకుని అక్కడ ఆగిపోయినవాళ్లని చూశాను. టోక్యోలో మన ఇండియన్లు ఎక్కువగా ఉండే నిషి కసాయ్‌లో, అందరూ తలా ఒక వంట తెచ్చుకునే విందుల్లో ఇలాంటి కథ ఒక్కటైనా వినపడుతుంది.

7. జీతం ఉంది, 28 గంటలకి పైన ఉంది, అప్పుడు?

దీనికి విడి అనుమతి ఉంది, "కొబెత్సు క్యోక" అంటారు. యూనివర్సిటీలో ఆఖరి ఏడాదిలో ఉండి, గ్రాడ్యుయేషన్‌కి కావాల్సిన క్రెడిట్లలో 90 శాతం పైన పూర్తి చేసినవాళ్లు, మాస్టర్స్ రెండో ఏడాది, పీహెచ్‌డీ మూడో ఏడాదివాళ్లు ఇంటర్న్‌షిప్ కోసం అడగొచ్చు. మిగతావాళ్లు అడగకూడదని కాదు. చేసే పని మీ చదువుకి సంబంధించినదై, ప్రత్యేక జ్ఞానం కావాల్సినదై ఉండాలి, అది నిరూపించడం మాత్రం కష్టం. కంపెనీ ఇచ్చిన ఒప్పందం కాపీ (పని, కాలం, గంటలు, జీతం అన్నీ అందులో ఉండాలి), చదువుతున్నట్టు సర్టిఫికెట్, మార్కుల జాబితా, పాస్‌పోర్టు, జైర్యూ కార్డు పట్టుకుని ఇమిగ్రేషన్ ఆఫీసుకి వెళ్లాలి. ఇదీ ఉచితమే. ఆగస్టులో మొదలయ్యే ఇంటర్న్‌షిప్‌కి జూన్ మొదట్లోనే వేసేయండి, అనుమతి చేతికి రాకముందు మొదలుపెట్టొద్దు.

కంపెనీ "ఈ గొడవంతా ఎందుకు, జీతం లేకుండా రోజూ రా, ఆఖర్న ఏదో చూద్దాం" అందా? అయితే ఇమిగ్రేషన్ రూలు తప్పించుకోడానికి మీ జీతం ఎగ్గొడుతున్నట్టే. ఆఖర్న వాళ్లు చూసేది ఏమీ ఉండదు.

8. ఇండియా నుంచి ఇంటర్న్‌షిప్ కోసమే వచ్చేవాళ్లకి

ఐఐటీ హైదరాబాద్‌కి జపాన్‌తో గట్టి సంబంధం ఉంది. క్యాంపస్ కట్టడంలో జైకా (జపాన్ ప్రభుత్వ సహాయ సంస్థ) సాయం ఉంది, సుజుకీ ఇన్నొవేషన్ సెంటర్ కూడా అక్కడే. అక్కడి పిల్లలకి కాలేజీయే అన్నీ దగ్గరుండి చూస్తుంది. మిగతా కాలేజీలవాళ్లు సొంతంగా తిప్పలు పడతారు కాబట్టి ఇది వాళ్లకి.

జీతం లేకుండా, 90 రోజుల లోపు అయితే షార్ట్ టర్మ్ వీసా. జపాన్ కంపెనీయో ల్యాబో పంపిన ఆహ్వాన కారణం లేఖ, రోజువారీ షెడ్యూలు, అవసరమైతే గ్యారంటీ లేఖ పెట్టి, ఇంటర్న్‌షిప్ అనే రాసి అప్లై చెయ్యాలి. టూరిజం కోసం ఇచ్చే ఈ-వీసా తీసుకుని వచ్చి ల్యాబ్‌లో కూర్చోవడం తప్పు. జీతం లేకుండా 90 రోజులు దాటితే "కల్చరల్ యాక్టివిటీస్" స్టేటస్, దానికి ముందు జపాన్ నుంచి సీఓఈ (వీసాకి ముందు జపాన్ ఇమిగ్రేషన్ ఇచ్చే అర్హత పత్రం) రావాలి, మూడు నెలల ముందే మొదలుపెట్టండి.

జీతం ఉంటే "డిజిగ్నేటెడ్ యాక్టివిటీస్"లో ఇంటర్న్‌షిప్ అనే రకం. దీనికి షరతులు గట్టివే. డిగ్రీ ఇచ్చే యూనివర్సిటీలో చదువుతూ ఉండాలి, ఇంటర్న్‌షిప్ ఆ చదువులో భాగమై క్రెడిట్లు రావాలి, మీ యూనివర్సిటీకీ కంపెనీకీ మధ్య ఒప్పందం ఉండాలి. ఒక కంపెనీలో ఏడాది దాటకూడదు, మొత్తం కలిపి కోర్సు కాలంలో సగం మించకూడదు, అంటే నాలుగేళ్ల బీటెక్‌కి రెండేళ్లు గరిష్ఠం. చదువు అయిపోయినవాళ్లకి ఈ దారి లేదు. అందుకే అమీర్‌పేట్‌లో ఎవరైనా "గ్రాడ్యుయేట్లకి జపాన్ పెయిడ్ ఇంటర్న్‌షిప్ వీసా, ఫీజు ఇంత" అంటే ఏ స్టేటస్ కింద అని ఒక్క ప్రశ్న వేయండి. జవాబు తిన్నగా రాకపోతే లేచి వచ్చేయండి. హోటల్ మేనేజ్‌మెంట్ చదివేవాళ్లు ఇంకా జాగ్రత్త. ఇంటర్న్‌షిప్ పేరు చెప్పి పక్కలు సర్దించే పని, అంట్లు తోమే పని నెలల తరబడి చేయించుకున్నవాళ్లు ఉన్నారు కాబట్టే 2020లో జపాన్ ప్రభుత్వం విదేశీ విద్యార్థుల ఇంటర్న్‌షిప్‌ల మీద విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. మీకు ఇచ్చే ప్లానులో నెలనెలా ఏం నేర్పుతారో రాసి ఉండాలి. "రూమ్ క్లీనింగ్" అని ఆరు నెలలూ ఒకటే ఉంటే అది ప్లాను కాదు.

రీసెర్చ్ వైపు మొగ్గు ఉంటే ఒకినావాలోని ఓఐఎస్‌టీ అనే పరిశోధనా యూనివర్సిటీ రీసెర్చ్ ఇంటర్న్‌షిప్ చూడండి, అలవెన్సు, బస, ప్రయాణం వాళ్లే చూసుకుంటారు. డబ్బు ఖర్చు పెట్టుకుని వెళ్లి ఊరికే చెయ్యడం కంటే అలాంటి చోట పోటీ పడటం నయం.

9. ఇన్సూరెన్స్

బోరుగా ఉంటుంది గానీ రెండు నిమిషాల పని. ఉద్యోగులకి వర్తించే రోసాయ్, అంటే పని చోట ప్రమాదాల బీమా, కార్మికుడు కాని ఇంటర్న్‌కి రాదు. యూనివర్సిటీలో చేరినప్పుడు కట్టించుకున్న గక్కెన్‌సాయ్ (విద్యార్థుల ప్రమాద బీమా) ఇంటర్న్‌షిప్‌ని కవర్ చేస్తుందా, కంపెనీ ల్యాప్‌టాప్ పగలగొడితే కట్టే బైసెకి (ఇతరులకి చేసిన నష్టానికి బీమా) మీకుందా అని స్టూడెంట్ ఆఫీసులో అడగండి. చాలాచోట్ల ఇంటర్న్‌షిప్‌ని యూనివర్సిటీకి ముందుగా తెలియజేస్తేనే అది పని చేస్తుంది.

10. చదువు అయిపోతే అనుమతీ అయిపోతుంది

మార్చిలో డిగ్రీ వచ్చింది, కార్డు మీద గడువు వచ్చే ఏడాది దాకా ఉంది, కాబట్టి బైతో చేసుకోవచ్చు అనుకోవడం పెద్ద పొరపాటు. ఆ 28 గంటల అనుమతి స్కూల్లో మీ పేరు ఉన్నంతవరకే. మధ్యలో చదువు మానేసినా అంతే, పైగా సరైన కారణం లేకుండా మూడు నెలలు చదువు మాని ఉంటే స్టేటస్ రద్దు చేయొచ్చు. స్కూలు వదిలినా మారినా 14 రోజుల్లో ఇమిగ్రేషన్‌కి తెలియజేయాలి, ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది, మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

గ్రాడ్యుయేట్ అయ్యాక ఇంకా ఉద్యోగం వెతుకుతుంటే స్కూలు సిఫార్సు లేఖతో షూకాత్సు కోసం డిజిగ్నేటెడ్ యాక్టివిటీస్‌కి మారొచ్చు, ఆరు నెలలు, ఇంకోసారి పొడిగించి మొత్తం ఏడాది. దాని మీద మళ్లీ కొత్తగా 28 గంటల అనుమతి అడగాలి, పాతది రాదు. ఈ టైములోనే "జీతం లేకుండా చెయ్యి, తర్వాత వర్క్ వీసా స్పాన్సర్ చేస్తాం" అని ఆశ పెట్టే కంపెనీలు తగులుతాయి. నైతెయ్, అంటే ఉద్యోగం ఇస్తామన్న మాట, కాగితం మీద ఇవ్వమనండి. ఇవ్వకపోతే ఆ ఏడాదిలో ఒక్కో నెల మీకు ఎంత విలువైనదో గుర్తుపెట్టుకోండి.

11. అప్పటికే ఇరుక్కుని ఉంటే

టెన్షన్ పడకండి, రుజువులు పోగెయ్యండి. ఏ రోజు ఎన్నింటికి వెళ్లారు, ఎన్నింటికి వచ్చారు, ఎవరు ఏ పని చెప్పారు అన్నది నోట్‌బుక్‌లో రాయండి. రైల్వే కార్డు హిస్టరీ, స్లాక్‌లో గానీ లైన్‌లో గానీ వచ్చిన మెసేజ్‌ల స్క్రీన్‌షాట్‌లు, మీరు పంపిన మెయిళ్లు దాచండి. కంపెనీ లోపలి రహస్య ఫైళ్లు మాత్రం కాపీ చెయ్యొద్దు.

తర్వాత యూనివర్సిటీ కెరీర్ సెంటర్‌కి వెళ్లండి, వాళ్లు ఒక ఫోన్ చేస్తే సగం కంపెనీలు దారికొస్తాయి. కుదరకపోతే ఆ ప్రాంతపు రోకిషో, అంటే కార్మిక చట్టం అమలు చూసే ఆఫీసు. విదేశీ కార్మికుల కోసం కార్మిక శాఖ నడిపే ఫోన్ సేవలో ఇంగ్లిష్, నేపాలీ లాంటి భాషలున్నాయి, తెలుగు గానీ హిందీ గానీ లేదు. టోక్యోలో ఉంటే యోత్సుయా దగ్గర ఫ్రెస్క్ అనే సెంటర్ 2020 నుంచి ఉంది, ఇమిగ్రేషన్, లేబర్, న్యాయ సలహా మూడూ ఒకే చోట దొరుకుతాయి.

ఇక్కడ ఒక చిక్కు ముందే చెప్పాలి. మీకు 28 గంటల అనుమతి లేకుండా వారానికి 40 గంటలు చేసిన పనికి వెనక డబ్బు అడిగారనుకోండి, రావాల్సిన వేతనం మీద హక్కు మీదే, కానీ అనుమతి లేకుండా పని చేసినట్టు మీ నోటితో మీరే చెప్పినట్టవుతుంది. అందుకే రోకిషోకి వెళ్లే ముందు ఫ్రెస్క్‌లోనో, హోతెరాసులోనో (ప్రభుత్వ న్యాయ సహాయ కేంద్రం), గ్యోసెయ్ షోషి (వీసా కాగితాలు చూసే లైసెన్సు నిపుణుడు) దగ్గరో విషయం మొత్తం చెప్పి సలహా తీసుకోండి. 2వ మెట్టులో ఆ ఉచిత ముద్ర వేయించుకోమని అంత పట్టుబట్టింది ఇందుకే.

కార్డు తీసి వెనక్కి తిప్పి చూడండి ఇప్పుడే. అక్కడ ఖాళీగా ఉంటే రేపు పొద్దున్నే బయల్దేరండి, షినగావాలో తొమ్మిదికి తలుపులు తీసేలోపే క్యూ కనిపిస్తుంది.